శనివారం తలంటు

తిరుపతి,
8-2-1998

చిన్నమ్మీ,

ఈడ నేను బాగుండాను, ఆడ నువ్వు బాగుండావని తలుస్తాను. ముందు ఈ మాట రాయాలని మూడో తరగతిలో అయ్యవారు నేర్పించినారు. ఆ పైన ఏం రాయాలో నేర్పించేలోగా బడి మానేస్తి. ఈ ఉత్తరానికి రెండు మధ్యాన్నాలు పట్టింది. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నిన్నొక సంగతి అడగాల. మీ అన్న ధనా తెచ్చిన పెద్దపొయ్యి గురించి. నువ్వు కర్మంతరాలకి వచ్చినప్పుడు దాని మీద పాత చీర కప్పి పెట్టింటి, నువ్వు సరిగా చూసినావో లేదో. పైన నాలుగు మంటలు, కింద గాజు తలుపున్న పెట్టె. చిత్తూరులో ఎవురో డాక్టరు ఇల్లు మారతా అమ్మితే ఆటోలో వేసుకొని వచ్చినాడు. నాలుగేండ్లు బేకరీలో ఇంకొకరి పొయ్యి ముందర నిలబడినాను, ఇంక మన పొయ్యి ముందరే నిలబడతాను అన్నాడు. సిలిండరు తగిలించి, ఒక్కసారి వెలిగించి, నీలం మంట చూపించి ఆర్పేసినాడు. మంచిరోజు చూసి పాలు పొంగిద్దాము, అంతదాకా నువ్వు ముట్టుకోవాకు అన్నాడు. పదకొండో దినం చంద్రగిరి దోవలో వానకి బండి జారింది.

ఇంటామె వరలక్ష్మమ్మక్క దాన్ని అమ్మేయమంటాది. తుప్పు పట్టినాక ఎవురూ కొనరంట. నిన్న చీర తీసి చూస్తే లోపలంతా ఆ డాక్టరింటి వాళ్ళ జిడ్డు, నల్లగా, గట్టిగా. వాడి పొయ్యికి ఎవురిదో జిడ్డు ఉండేది నేను ఓర్చుకోలేను. బాణలి అయితే బూడిదతో రుద్దేస్తాను. నూనెలో కాల్చి అమ్ముకునే నా నిప్పట్ల పని అంతా పెరట్లో కట్టెల పొయ్యి మీదే, ఈ గ్యాసు సంగతి నాకేం తెలుసు. ఇది గాజు, తెల్ల పూత. దీన్ని ఎట్ల కడగాలో అడిగి రాయి.

ఇంకొక మాట. మీ అన్న ఆ బేకరీలో దినానికి మున్నూరు గుడ్లు కొట్టేవాడు. మనింట్లో గుడ్డు తినేది లేదు గదా. ఇంటికొస్తే వాడి మీద ఆ నీచు వాసన నాకు పడేది కాదు. కొళాయి కాడే ఆపి, ఆడే ఉండు, గడప తొక్కొద్దు అనేదాన్ని. ఆ వాసన పోవాలనే శనివారం శనివారం నా చేత్తో తలంటు పోస్తా ఉంటి, ఇరవయ్యారేండ్ల మొగోడికి. వాడు నవ్వుతా తల వంచేవాడు. నాలుగేండ్లలో ఒక్క దినమైనా వాణ్ణి ఆ వాసనతో లోపలికి రానియ్యలేదు చిన్నమ్మీ.

మీ హాస్టల్లో నీళ్ళు వస్తా ఉండాయా?

మీ అమ్మ
సిద్ధమ్మ


విశాఖపట్నం,
16-2-1998

అమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తప్పులేమీ లేవు. ఒకచోట ఇంకు అలుక్కుపోయింది, అంతే.

మా నర్సుల హాస్టల్లో వంట చేసే రాజారత్నం గారిని అడిగాను. ఆయన దగ్గర అలాంటిదే ఉంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ముందు సిలిండరు మీద నల్ల మూతలాంటిది ఉంటుంది, దాన్ని తిప్పి కట్టెయ్యాలి. పొయ్యి వేడిగా ఉంటే చెయ్యి పెట్టకూడదు. మంట వచ్చే తలలు పైకి ఊడివస్తాయి. వాటిని సబ్బు కలిపిన వేన్నీళ్ళలో నానబెట్టి, బొక్కలు పిన్నీసుతో తీసి, ఎండలో బాగా ఆరాకే మళ్ళీ పెట్టాలి. తడి ఉంటే మంట సరిగా రాదట. పొయ్యి మీద చెంబుతో నీళ్ళు పోయకు, పిండిన గుడ్డతోనే తుడువు. కింది పెట్టె లోపల వంటసోడా నీళ్ళతో ముద్దగా కలిపి పూసి రాత్రంతా వదిలెయ్, పొద్దున తడిగుడ్డతో తెలుపు పోయేదాకా తుడువు. యాసిడ్ వద్దు, బూడిద వద్దు, గాజు మీద గీతలు పడతాయి. వెనకాల రబ్బరు గొట్టం ఉంటుంది, అది ఎండిపోయి పగుళ్ళు పట్టకుండా చూసుకుంటూ ఉండు.

వారానికి ఒకరోజు పెట్టుకో. చేతికి పని ఉంటే నీకూ మంచిది. నిప్పట్లకి ఆ కట్టెల పొగలో ఎందుకు, తర్వాత మెల్లగా దాని మీదే చేసుకోవచ్చు.

నీళ్ళు వస్తున్నాయి. లీవు అడిగితే వేసవి అయ్యేదాకా లేదన్నారు.

పల్లవి


తిరుపతి,
2-3-1998

చిన్నమ్మీ,

నీ కాగితాన్ని గూట్లో అగ్గిపెట్టె కింద పెట్టుకొని, చూస్తా చూస్తా చేసినాను. నాలుగు దినాలు ఆగి శనివారమే మొదలుపెట్టినాను. వేరే దినానికి మనసొప్పలేదు.

మంటల తలలు నాలుగూ నానేసినాను. పిన్నీసుతో బొక్కలు తీస్తా ఉంటే వాడి చెవులు గుర్తొచ్చినాయి. కదలాకురా అంటే కదిలేవాడు. ఇవి కదల్లేదు. సోడా పూసి తలుపు మూసి పొద్దున చూస్తే జిడ్డంతా ఉబ్బి పైకి వచ్చిండాది. తుడిస్తే లోపల తెల్లగా వచ్చింది, పండ్లు తోమిన నోరు మాదిరి. ఆ మూల అందక తల లోపలికి పెట్టి తుడిచినాను. దాంట్లో మాట్లాడితే మన గొంతు మనది కాదు చిన్నమ్మీ. ఊరికే ధనా అన్నాను. వెనకాల నుంచి ఎవురో అన్నట్టు వచ్చింది.

ఆ తర్వాత దానికి తలంటు పోసినాను. వాడికి పోసినట్టే, తల కాడ నుంచి తోక దాకా, ఒక్క సందు విడవలేదు. తోక ఎండకుండా చూసుకోమంటివి గదా, దానికి రెండుసార్లు. ఎంత నిగనిగలాడతాదో నువ్వు చూడాల.

నువ్వు చెప్పిన దాంట్లో ఒక్కటి చెయ్యలేదు. సిలిండరు మీద నల్ల మూత తిప్పమంటివి. వాడు తిప్పింది వాడు తిప్పినట్టే ఉండాది. దాని మీద ఆఖరున పడిన వేళ్ళు వాడివి. నేను తుడిచేటప్పుడు కూడా దాన్ని తప్పించి తుడుస్తా ఉండాను.

వరలక్ష్మమ్మక్క మనవడికి గుండు కొట్టించినారు. పల్లెలోని చుట్టాలంతా దిగినారు. కొళాయి కాడ జాతర. నిప్పట్లు ఒక డబ్బా వాళ్ళకే పోయినాయి.

మీ అమ్మ


విశాఖపట్నం,
10-3-1998

అమ్మా,

డ్యూటీలో ఉండి రాస్తున్నాను, చిన్న ఉత్తరం. పొయ్యికి తలంటు పోశానని రాశావు చూడు, అది చదివి వార్డులో పైకే నవ్వాను. ఎందుకని పక్క సిస్టరు అడిగితే, మా అమ్మ కడిగితే మామూలుగా కడగదు, తలంటేస్తుంది అని చెప్పాను. నవంబరు నుంచి నేను నవ్వడం అదే మొదటిసారి. ప్రతి శనివారం అలాగే తలంటు పోస్తూ ఉండు.

ఆ మూత సంగతి సరే. అన్న జాగ్రత్త మనిషి, వెలిగించి చూపించాక కట్టేసే ఉంటాడు. ముట్టుకోకపోతే పోనీలే.

నువ్వు అన్నం వండుకుంటున్నావా, ముక్కలైన నిప్పట్లతో సరిపెడుతున్నావా? నిజం రాయి.

పల్లవి


తిరుపతి,
6-4-1998

చిన్నమ్మీ,

ఇది చదివి ఎవురికీ చూపించవాకు. వరలక్ష్మమ్మక్కకి కార్డు రాసేటప్పుడు కూడా ఈ మాట ఎత్తవాకు.

ధనా ఇంటికి వస్తా ఉండాడు.

నేను మతి లేక రాయడంలేదు. పది దినాలుగా చూసి చూసి రాస్తా ఉండాను. పెరట్లో పని ముగించుకొని పొద్దుగూకే వేళకి వంటింటి తలుపు తీస్తే వాడి వాసన. మొదట ఒక దినం, మళ్ళా రెండు దినాలు లేదు, మళ్ళా వచ్చింది. ఇప్పుడు దినామూ. బజార్లో ఇంకొకరి మీద వచ్చే వాసన కాదు, వాడిదే, నాకు తెలీదా. నేల మీద మొదలవుతాది. నిలబడితే అంతగా తెలీదు. పెద్దపొయ్యి పక్కన చాపేసుకొని పండుకుంటే ముఖం మీదికి వస్తాది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి నా పక్కన దొర్లేవాడు గదా, అంత దగ్గర.

పిల్లి వంటింట్లోకి రావడం మానేసింది. గడప కాడ నిలబడి చూస్తాది, పోతాది. పెట్టె వెనకాల చీమల బారు ఉండేది, ఇప్పుడు లేదు. నిన్న ఒక బల్లి తెల్లగా వెల్లకిలా పడుండాది.

ఇంకొకటుండాది. దీపం పెడదామని గూట్లో చెయ్యి పెడితే అగ్గిపెట్టె ఉండదు. పొద్దున నేనే పెట్టింటాను. వెతికి వెతికి చూస్తే బయట కొళాయి కాడ బండ మీద ఉంటాది, తడిసిపోయి. ఒక దినం గాదు, నాలుగు దినాలు. దేవుని పటం ముందర దీపం లేకుండానే పోతాంది. వాడు కొళాయి కాడ కూచుని నాకు తెలీకుండా బీడీ తాగేవాడు. నాకు తెలుసునని వాడికి తెలీదు. ఇప్పుడూ ఆడికే తీసుకుపోతా ఉండాడు.

కొంచెం తలనొప్పి ఉండాది. ఎండలకి.

మీ అమ్మ


విశాఖపట్నం,
13-4-1998

అమ్మా,

ఎవరికీ చూపించలేదు. నాకు భయం వెయ్యలేదు, నువ్వూ భయపడకు. ఇక్కడ వార్డులో మనిషి పోయిన ఇళ్ళవాళ్ళు చాలామంది ఇలాగే చెబుతారు. అడుగుల చప్పుడు వింటారు, గొంతు వింటారు. మనసు అంత తొందరగా వదలదు.

అన్న వాసన నాకూ గుర్తే. హాస్టలుకి నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ వెనిలా ఎసెన్సు వాసన ముందు వచ్చేది, తర్వాత అన్న వచ్చేవాడు. మా గదిలో అమ్మాయిలు మీ కేకన్నయ్య వచ్చాడే అనేవాళ్ళు. ఆ ఎసెన్సు సీసా ఏదైనా ఆ పొయ్యి పెట్టెలోనో, గూట్లోనో మూత ఊడి ఉండిపోయిందేమో చూడు. తీసి పారెయ్యమని అనడంలేదు. ఉంచుకో.

వస్తే రానీమ్మా. నీకు తోడుగా అనిపిస్తే రానీ. తలనొప్పికి మజ్జిగ తాగు, ఎండలో నిప్పట్లు ఆరబెట్టకు. జూన్ మొదటి వారంలో లీవు ఇస్తామన్నారు.

పల్లవి


తిరుపతి,
24-4-1998

చిన్నమ్మీ,

రానీమ్మా అని రాస్తివి. ఆ మాట చదివినాక నా గుండె బరువు సగం దిగింది. నువ్వు తిడతావనుకుంటి.

ఎసెన్సు యాడిది? వెతికినాను, లేదు. నీకు వాడు స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకొని, రైలెక్కి వచ్చినోడు గదా, నీకు తెలిసిన వాసన వేరే. నాకు తెలిసింది పనిలో నుంచి దిగి వచ్చేది. కోడిగుడ్డు నీచు. కుళ్ళిన గుడ్డు మాదిరి, ఇప్పుడు ఇంకా గట్టిగా. అదే వస్తాంది. కొళాయి కాడ ఆపినోణ్ణి ఇప్పుడు ఆపలేదు. లోపలికే రమ్మన్నాను.

బయటికి పోకుండా కిటికీ రెండు రెక్కలూ మూసినాను. సందుల్లో గుడ్డ ముక్కలు కుక్కినాను. తలుపు కింద తడిగుడ్డ. వాడు పొద్దుగూకి వచ్చి పొద్దున పోయేది ఇప్పుడు లేదు, ఎప్పుడూ ఉంటా ఉండాడు. పక్కన పండుకుంటే మంచి నిద్ర పడతాంది, మధ్యాన్నం కూడా. లేస్తే కాళ్ళు తేలిపోతాయి, నెత్తిన చెయ్యి పెట్టి అదిమినట్టు ఉంటాది. వాడు చెయ్యి పెట్టినాడనుకుంటాను. నేను చెప్పేదంతా వింటాడు. నిన్న క్షమించమని అడిగినాను. గడప తొక్కొద్దు అన్నందుకు.

వచ్చే శనివారం, మే రెండో తేదీ, వాడి ఆర్నెల్ల మాసికం. వాడు పాలు పొంగించాలని ఆశపడి తెచ్చిన పొయ్యి. మంచిరోజు మంచిరోజు అని ఎదురుచూస్తే ఏమైంది? ఆ పొద్దున దానికి తలంటు పోసి, నేనే వెలిగించి పాలు పొంగిస్తాను. పొయ్యి చెవులు ఎట్ల తిప్పాలో వాడు వెలిగించిన దినం చూసినాను గదా. కిటికీ తెరవను. వాడు లోపల ఉండంగానే వెలిగించాల.

అగ్గిపెట్టె మాత్రం కొత్తది కొనుక్కొని కొంగున ముడేసుకుంటాను. ఈసారి ఎత్తుకుపోకుండా.

మీ అమ్మ


తంతి
విశాఖపట్నం, 1-5-1998

అమ్మా పొయ్యి వెలిగించవద్దు. అగ్గిపుల్ల గీయవద్దు. బయటికి రా. కిటికీలు తెరువు. అది గ్యాసు. పల్లవి.


విశాఖపట్నం,
1-5-1998

అమ్మా,

ఇప్పుడే తంతి ఇచ్చి వచ్చాను. మూడు రోజులు నైట్ డ్యూటీ. ఉత్తరం హాస్టల్ డబ్బాలో ఉండిపోయింది, ఇవాళ పొద్దున చూశాను. మన వీధిలో ఎవరికీ ఫోన్ లేదు. తంతి ఎప్పటికి చేరుతుందో ఆఫీసులో చెప్పలేకపోయారు. ఊరికే కూర్చోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గ్యాసుకి దానంతట దానికి వాసన ఉండదమ్మా. కారితే తెలియాలని కంపెనీవాళ్ళు కలుపుతారు. కుళ్ళిన గుడ్ల వాసన. గాలికన్నా బరువు, అందుకే నేల మీద ఉంటుంది. అందుకే నీకు నిద్ర. అందుకే బల్లి. నువ్వు మొదటి ఉత్తరంలోనే గుడ్ల సంగతి రాశావు. నేను వెనిలా అనుకున్నాను. రానీ అని రాశాను.

అది అన్న కాదమ్మా.

రేపు శనివారం.

పల్లవి


తిరుపతి,
6-5-1998

చిన్నమ్మీ,

నేనుండాను. ముందు ఈ మాట చదువుకో.

తంతి శనివారం పొద్దున పది గంటలప్పుడు వచ్చింది. నేను అప్పటికి స్నానం చేసి, పెద్దపొయ్యికి తలంటు ముగించి, పాలగిన్నె పెట్టి, వెనక మంట చెవి మీద చెయ్యేసిండాను. కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె తీసినాను. ఒక పుల్ల గీసినాను. తల విరిగి కింద పడింది. రెండోది చేతిలో ఉండంగా వీధిలో నుంచి వరలక్ష్మమ్మక్క ఏడుపు.

తంతి అంటే మన వీధిలో ఒకటే అర్థం గదా. పోస్టాయన చేతిలో కాగితం చూసి, విశాఖపట్నం అనే మాట విని, ఆమె చదవకుండానే అరిచింది. "అయ్యో చిన్నమ్మీ, నువ్వు కూడానా" అని.

వంటింట్లో నుంచి వీధి తలుపుకి ఎన్ని అడుగులు? పది ఉంటాయేమో. ఆ పది అడుగుల్లో నాకు ధనా గుర్తుకు రాలేదు. పొయ్యి గుర్తుకు రాలేదు. నువ్వు ఒక్కదానివే. పుల్ల ఇంకా వేళ్ళ మధ్యనే ఉండాదని వీధిలోకి పోయినాక ఎదురింటి దేవరాజులన్న చెప్తే తెలిసింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగుని ఆయన కూడబలుక్కొని చదివినాడు. రెండో మాట కాడ ఆపి నా చేతిని చూసినాడు. పుల్ల లాక్కొని కాలవలో వేసి, ముక్కుకి తువ్వాలు కట్టుకొని లోపలికి పోయినాడు. నా గుడ్డ ముక్కలన్నీ పీకి కిటికీ తెరిచినాడు. నల్ల మూత తిప్పేసినాడు. నేను వద్దనేలోగా తిప్పేసినాడు.

మధ్యాన్నం గ్యాసు పని చేసే సుబ్రమణ్యం వచ్చినాడు. ఆ మూత వాడు వెలిగించిన దినం నుంచి తెరిచే ఉండాదంట. గొట్టం బాగున్నన్నాళ్ళు ఏం కాలేదు. వెనక గొట్టాన్ని పట్టుకుంటే అది ఉబ్బిపోయి, నానిన అప్పడం మాదిరి చేతికి ఊడొచ్చింది. దీనికి నూనె ఎవురు పట్టించినారమ్మా అని అడిగినాడు. నేను పట్టించినాను అంటి. ఎన్నిసార్లు అన్నాడు. శనివారం శనివారం, నువ్వుల నూనె, పది తలంట్లు అంటి. వాడికి ఎట్ల పోస్తానో అట్లే పోసినాను గదా చిన్నమ్మీ, నూనె లేకుండా తలంటు యాడ ఉండాది? ఎండి పగలకుండా చూసుకోమంటివి. మడమలు పగిలితే నూనె రాస్తాము. అట్లే రాసినాను. రబ్బరుకి నూనె తగిలితే మెత్తబడి చీలుతాదంట. నా చేత్తో నేనే చీల్చుకున్నాను.

ఆ పుల్ల వెలిగింటే నువ్వు జూన్‌లో వచ్చేదానికి గోడ కూడా ఉండేది కాదన్నాడు. నేను అడిగినాను. ఇన్ని దినాలూ పొద్దుగూకే వేళకి దీపం పెడదామంటే అగ్గిపెట్టె కొళాయి కాడికి పోయి తడిసేది, అది ఎవురు చేసినారప్పా, అది కూడా గ్యాసేనా అని. ఆయన నవ్వలేదు. పానాలు సంచిలో వేసుకొని, సోమవారం కొత్త గొట్టం తెస్తానని పోయినాడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అది అన్న కాదమ్మా అని రాసినావు. ఆ మాట ఒక్కటే ఉండాది ఆ వరసలో, పక్కన ఏమీ లేదు. అయితే నెల దినాలు నేను ఎవురితో మాట్లాడినాను? ఎవురిని క్షమించమంటి?

ఇప్పుడు వంటింట్లో ఏ వాసనా లేదు. పిల్లి వచ్చింది.

మీ అమ్మ


విశాఖపట్నం,
12-5-1998

అమ్మా,

నేనుండాను అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిగతాది చదవడానికి గంట పట్టింది.

తప్పు నాది. ఎండిపోకుండా చూసుకో అని రాసి ఊరుకున్నాను, ఎలా చూసుకోవాలో రాయలేదు. తలంటు అంటే మాటవరసకి అన్నావనుకుని నవ్వాను, ప్రతి శనివారం అలాగే పోస్తూ ఉండు అన్నాను. ఇంట్లో పుట్టిన పిల్లని, తలంటు అంటే నీకు నూనే అని తెలియకపోవడమేమిటి? రాజారత్నం గారికి చెప్తే ఆయన తలపట్టుకున్నాడు. గొట్టాన్ని తడిగుడ్డతో తుడవాలి, అంతే, రెండేళ్ళకోసారి మార్చాలి, ఇంకేమీ రాయకూడదు అన్నాడు. ముందే రాయాల్సింది.

అన్న కాదు అని రాసిన మాట వెనక్కి తీసుకోలేను. కానీ అలా ఒక్క ముక్కలో రాసి ఉండకూడదు.

అగ్గిపెట్టె సంగతి నాకు తెలియదు. ఆ మత్తులో నువ్వే తీసుకెళ్ళి అక్కడ పెట్టి మరిచిపోయి ఉండొచ్చు. అలా జరుగుతుంది. లేకపోతే ఏమిటో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

నువ్వు క్షమించమని అడిగిన మాట ఎక్కడికీ పోలేదనుకుంటాను. నాకు వినిపించింది, నేను అన్నకి చెల్లెల్ని.

ఆ పొయ్యిని ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. ఏం చేసినా నేను ఏమీ అనను.

పల్లవి


తిరుపతి,
25-5-1998

చిన్నమ్మీ,

పొయ్యి ఉండాది. అమ్మలేదు.

సుబ్రమణ్యం చెప్పిన సోమవారానికి రాలేదు, ఆ పై సోమవారం కొత్త గొట్టం తెచ్చినాడు. నారింజ రంగుది, దాని మీద తేదీ అచ్చేసుండాది. తగిలించి, సబ్బు నురగ పూసి చూపించినాడు. బుడగలు రాలేదు. వస్తే కారతాందని గుర్తంట. పుల్ల గీసి చూసేది కాదంట ఎప్పటికీ. అంతా అయినాక నల్ల మూత నన్నే తిప్పమన్నాడు. నేను చెయ్యి పెట్టలేదు. ఆయన తొందరపెట్టకుండా కిటికీ కాడ నిలబడి బీడీ కట్ట తీసి, మళ్ళా ఏమనుకున్నాడో జేబులోనే పెట్టుకున్నాడు. వాడి వేళ్ళు దాని మీద ఇంక లేవు, దేవరాజులన్నవి పడినాయి, ఈయనవి పడినాయి. నేను తిప్పినాను. చెవి మెలేసినంత సులువు. నాకు కోపం వచ్చింది, ఇంత సులువైన దానికా అని.

ఇప్పుడు శనివారం గాదు, ఏ దినం వీలైతే ఆ దినం తుడుస్తాను. మూత కట్టేసి, అంతా చల్లారినాక, పిండిన గుడ్డతో. పిన్నీసు, సోడా అన్నీ మామూలే. గొట్టాన్ని వట్టి తడిగుడ్డతో ఒక్కసారి నిమిరి వదిలేస్తాను. నూనె సీసాని వంటింట్లో నుంచే తీసేసినాను. పని అయినాక మూత మళ్ళా కట్టేసి, కట్టేసినాను అని పైకి చెప్పుకుంటాను. కిటికీ తెరిచే ఉంటాది. మొదటి దినం తెరిచినప్పుడు, ఎవురినో వెళ్ళగొడతా ఉండానని చెయ్యి వెనక్కి వచ్చింది. తెరిచినాను. ఎవురూ పోయినట్టు అనిపించలేదు. గాలి వచ్చింది, అంతే.

నిన్న పెట్టెలో చెనక్కాయలు వేయించినాను. ఒక పలక మాడింది, ఒక పలక బాగొచ్చింది. వరలక్ష్మమ్మక్క మాడినవే బాగుండాయని తినింది, నన్ను నొప్పించకుండా.

ఆర్పేసినాక ఇంకొక సంగతి. పెట్టె చల్లారేటప్పుడు లోపల నుంచి టిక్కు అంటాది. కొంచెంసేపు ఊరుకుంటాది, మళ్ళా టిక్కు. ఎవురో చిన్నగా గోరుతో తట్టినట్టు. మొదటిసారి విన్నప్పుడు నా వెంట్రుకలు లేచినాయి. పొద్దున పోయి సుబ్రమణ్యాన్ని అడిగినాను. వేడికి సాగిన రేకు చల్లారి ముడుచుకునేటప్పుడు అట్ల అంటాదమ్మా, అన్ని పొయ్యిలూ అంటాయి, భయం లేదు అన్నాడు. నేను ఒప్పుకున్నాను. రేకే. ఈసారి దానికి పేరు పెట్టను.

అయినా అది చల్లారే దాకా పక్కన కూచుంటాను. అది టిక్కు అంటే నేను ఊ అంటాను. కత చెప్పేటప్పుడు అంటాము చూడు, అట్ల. నేను ఊ అన్నాక మళ్ళా అంటాది. నేను అనకపోతే కూడా అంటాదేమో, ఇంకా చూడలేదు. చూడాలని లేదు.

నువ్వు జూన్‌లో వచ్చేటప్పుడు రాత్రి రైలుకి రావాకు, పగటి బండికి రా. చెనక్కాయల పొట్లం పార్సిల్ వేసినాను, పై పొట్టు తీసేసి తిను. పోయినసారి నీ చేతులు పుల్లల మాదిరి ఉండినాయి. డ్యూటీ అని మాను‌కోవాకు. వేళకి కూచుని, కడుపు నిండా అన్నం తిను.

మీ అమ్మ
సిద్ధమ్మ